మరిచిపోకూడదని మొదలైన రాత

పాతతరం క్రైస్తవ విశ్వాసుల నోట్‌బుక్కులు తెరిచి చూస్తే చాలావాటిలో మొదటి పేజీ ఒకేలా ఉంటుంది. పైన తేదీ, దాని కింద ఒక బైబిలు వాక్యభాగం, ఆ కింద ప్రసంగంలో విన్న మూడు నాలుగు మాటలు. సగం వాడి వదిలేసిన లెక్కల పుస్తకాన్ని వెనకవైపు నుంచి మొదలుపెట్టినవాళ్లూ ఉంటారు. కొన్ని పేజీలు తిప్పితే ఒక పాట చరణం, ఇంకొన్ని తిప్పితే ఎవరి ఆపరేషన్ గురించో ప్రార్థన మనవి, దాని పక్కన వేరే రంగు సిరాతో ఇంకో తేదీ. జవాబు వచ్చిన ఆ రెండో తేదీ దగ్గర పేజీలు తిప్పే చెయ్యి ఆగిపోతుంది. ఇవన్నీ రాసుకున్నవాళ్లలో రచయితలం అవుదామనుకున్నవాళ్లు ఎవరూ లేరు. దేవుడు తమకు చేసిందేదో ఒకటి ఉంది, రేపటికి అది మరిచిపోతామేమోనన్న భయం ఉంది. పెన్ను పట్టించింది ఆ భయమే.

విశ్వాసి ఎందుకు రాస్తాడు అని అడిగితే భారం, పిలుపు, పరిచర్య అనే మాటలు ముందుగా వినిపిస్తాయి. అవి నిజమే. కానీ కొన్నేళ్లపాటు రాస్తూ వచ్చినవాళ్ల పాత పుస్తకాలు చూస్తే ఆ మాటలన్నీ తర్వాతి పేజీల్లోనే కనిపిస్తాయి. ముందు పేజీల్లో ఉండేది జ్ఞాపకం ఒక్కటే. బైబిల్లో రాయమన్న ఆజ్ఞ మొదటిసారి వచ్చే చోటు నిర్గమకాండం 17:14. అమాలేకీయులతో యుద్ధం ముగిసింది, మోషే చేతులు పట్టి నిలబెట్టినవాళ్లు ఇంకా అలసటలోనే ఉన్నారు. అప్పుడు దేవుడు దీన్ని జ్ఞాపకార్థంగా గ్రంథంలో రాయమన్నాడు, యెహోషువకు వినిపించమన్నాడు. యుద్ధంలో కత్తి పట్టినవాడు యెహోషువే. జరిగింది కళ్లారా చూసినవాడికే మళ్లీ చదివి వినిపించమనడం గమనించదగ్గది. చూసినవాడు కూడా మరిచిపోతాడు.

అందుకే, రాయాలని మనసులో ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకు అనుభవజ్ఞులు ముందుగా ప్రార్థన పుస్తకం పెట్టుకోమనేవారు. పేజీని మూడు గళ్లుగా గీయడం. మొదటి గడిలో అడిగిన తేదీ, రెండోదాంట్లో మనవి, మూడోదాంట్లో జవాబు వచ్చిన తేదీ. ఒక్కో మనవి కింద రెండు వరుసలు ఖాళీగా వదలాలి, ఎందుకంటే జవాబు ఒక్క మాటలో రాదు. ఇందులో అందరూ పడే పొరపాటు ఒకటే, మనవి వదులుగా రాయడం. "వాళ్ల కుటుంబాన్ని దీవించు" అని రాస్తే ఆరు నెలల తర్వాత ఆ గడి నింపాలో వద్దో తెలియదు. "వాళ్లబ్బాయి నాన్నతో మళ్లీ మాట్లాడాలి" అని రాస్తే తెలుస్తుంది. జవాబు రాని గళ్లను ఖాళీగానే ఉంచాలి. ఖాళీ బాగోలేదని "దేవుని సమయం వేరు" అంటూ ఏదో ఒకటి నింపేస్తే ఆ పుస్తకం మీద రాసినవాడికే నమ్మకం పోతుంది. కొన్ని గళ్లు పదేళ్లు ఖాళీగా ఉండి నిండినవి ఉన్నాయి, ఎప్పటికీ నిండనివీ ఉన్నాయి. రెండు రకాలూ పక్కపక్కనే ఉండటం వల్లే ఆ పేజీలకు బలం.

ప్రసంగం నోట్సు సంగతి వేరు. అది చాలామందికి రాత అలవాటు చేసింది, చాలామందిని వినకుండానూ చేసింది. చెప్పిన ప్రతి మాటా రాసుకోవాలని తల వంచి గిలికేవాళ్లకు వాక్యం చేతిలోంచి వెళ్లిపోతుంది, మనసులోకి రాదు. పాతకాలపు మంచి పద్ధతి చిన్నది: వాక్యభాగం, ప్రసంగమంతటినీ మోసే ఒక్క వాక్యం, తనకు తగిలిన ఒక ప్రశ్న. పుస్తకంలో కుడి పేజీలో ఇంతే రాసి ఎడమ పేజీ ఖాళీగా వదిలేస్తారు. అదే సాయంత్రం ఎడమ పేజీలో తన సొంత మాటల్లో పది వరుసలు రాయాలి. వారం ఆగితే "ఇసుక, తలుపు, రెండోసారి" లాంటి ముక్కలు మాత్రమే మిగులుతాయి, వాటిని రాసినవాడు కూడా విప్పలేడు. నిజానికి రాత మొదలయ్యేది ఆ ఎడమ పేజీలోనే. విన్నదాన్ని సొంత మాటల్లోకి దింపే కష్టం అక్కడే మొదటిసారి తెలుస్తుంది. బోధకుడి పోలికలు, ఆయన చెప్పిన సంఘటనలు అలాగే తెచ్చుకుంటే పక్కన ఆయన పేరు రాసుకోవాలి. లేకపోతే కొన్నేళ్లకు అది తన ఆలోచనే అనిపిస్తుంది, ఎక్కడైనా అచ్చు వేస్తే ఇంకొకరి మాట తన పేరుతో వెళ్లిపోతుంది.

ఇంకొందరు నకలు రాయడంతో మొదలుపెట్టారు. ఇశ్రాయేలు రాజు సింహాసనం ఎక్కగానే ధర్మశాస్త్రానికి తనకంటూ ఒక ప్రతి రాసుకోవాలని ద్వితీయోపదేశకాండం 17:18లో ఉంది. బతికిన దినాలన్నిటిలో దాన్ని చదవాలని తర్వాతి వచనం. ఇలా నకలు రాయడానికి ఇప్పటికీ పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక అనుకూలం. నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. రోజుకు ఎనిమిది చొప్పున రాస్తే పదమూడు రోజుల్లో పూర్తవుతుంది. కన్ను పరుగెత్తినట్టు చెయ్యి పరుగెత్తలేదు. నాలుగో అధ్యాయంలో అందరికీ కంఠతా వచ్చిన ఆనందించుడి, దేనినిగూర్చియు చింతపడకుడి అన్న మాటలకు కొంచెం ముందు, రెండో వచనంలో, యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీల మధ్య మనస్పర్థ ఉంది. గోడకు తగిలించుకునే వచనాలకు ముందు ఒక సంఘంలోని తగవు ఉందని చేత్తో రాసినవాడు దాటిపోలేడు. నకలు రాసిన పుస్తకాల అంచుల్లో చిన్న అక్షరాలతో ఉండే ప్రశ్నలు ఇలా పుట్టినవే. వాటిలో కొన్ని తర్వాత పెద్ద వ్యాసాలయ్యాయి.

సాక్ష్యం రాయడం దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త ఎక్కువ కావాలి. సంఘంలో నిలబడి చెప్పడానికి కాగితం మీద పెట్టుకున్న మొదటి సాక్ష్యమే ఎందరికో మొదటి రచన. దానికి ఇంతకంటే మంచి నమూనా లేదని పెద్దలు చూపించేది అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయం. అగ్రిప్ప రాజు ముందు పౌలు 4 నుంచి 11వ వచనం వరకు తన పాత జీవితం, 12 నుంచి 18 వరకు దమస్కు దారిలో యేసు తనకు కనబడిన సంగతి, 19 నుంచి 23 వరకు ఆ తర్వాత తాను చేసింది చెప్పాడు. మూడు భాగాలు ఇంచుమించు సమంగా తూగుతాయి. కొత్తగా రాసేవాళ్ల సాక్ష్యంలో మొదటి భాగం మూడొంతులు తినేస్తుంది. పాపాన్ని వర్ణించడం తేలిక, అందులో ఊపు ఉంటుంది. మార్పు వచ్చాక గడిచిన మామూలు రోజుల్ని రాయడం కష్టం. మూడు నిమిషాల సాక్ష్యానికి చేతిరాతలో ఒకటిన్నర పేజీ చాలు. అది దాటితే కోత ఎప్పుడూ మొదటి భాగంలోనే పడాలి.

అదే పౌలు అదే సంగతిని 22వ అధ్యాయంలో యెరూషలేములో యూదుల ముందు చెప్పినప్పుడు గమలీయేలు దగ్గర చదువుకున్నానని చెప్పాడు, తనకు చూపు తెప్పించిన అననీయ ధర్మశాస్త్రం ప్రకారం భక్తిపరుడని ప్రత్యేకంగా చెప్పాడు. రాజు ముందు అననీయ పేరే ఎత్తలేదు. వినేవాళ్లను బట్టి ఏది చెప్పాలో ఎంచుకున్నాడు, జరిగినదాన్ని మాత్రం మార్చలేదు. ఈ తేడా తెలియక ఒకే సాక్ష్యాన్ని అన్నిచోట్లా చదివేవాళ్లున్నారు, వినేవాళ్ల కోసం సంగతులు పెంచుతూ పోయేవాళ్లూ ఉన్నారు. రెండోది ప్రమాదకరం. స్వస్థత గురించి రాసేటప్పుడు జబ్బు పేరు, తేదీ, డాక్టర్ చెప్పిన మాట, తీసుకున్న మందు, అన్నీ ఉన్నవున్నట్టు రాయాలి. మందు వాడిన సంగతి దాచితే దేవునికి ఎక్కువ మహిమ రాదు. దాచిన సంగతి బయటపడ్డ రోజున మిగిలినదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఈ విషయంలో హిజ్కియా రాజు రాసింది చాలామందికి దారి చూపించింది. మరణకరమైన రోగంతో పడి, పదిహేనేళ్ల ఆయుష్షు పొంది, బాగయ్యాక రాశాడు. యెషయా 38:9 నుంచి 20 వరకు ఉంది. బాగయ్యాకే రాసినా అందులో సగానికి పైగా మంచం మీది భయమే. తన నివాసం గొర్రెల కాపరి గుడిసెలా పెరికేశారనీ, నేతగాడు బట్ట కత్తిరించినట్టు తన జీవితం తెగిపోయిందనీ, పక్షిలా కిచకిచలాడాననీ, గువ్వలా మూలిగాననీ రాసుకున్నాడు. ఆ మాటల్ని తర్వాత తుడిచేయలేదు. ఇప్పటి స్వస్థత సాక్ష్యాల్లో తరచుగా లేనిది ఇదే. బాగైనవాడు తాను మొదటి నుంచీ ధైర్యంగా ఉన్నానని రాసేస్తాడు. అలా రాస్తే ఇంకా మంచం మీద భయపడుతున్నవాడికి ఆ పేజీలో చోటు ఉండదు.

దుఃఖంలో రాయడం మొదలైనవాళ్ల పుస్తకాలు వేరుగా ఉంటాయి. తేదీలు ఉండవు, వాక్యాలు మధ్యలో ఆగిపోతాయి. వాళ్లకు ధ్యానం, పాఠం రాయమని చెప్పడం తప్పు. ఒక చట్రం ఇవ్వడం మంచిది. విలాపవాక్యములు ఐదు అధ్యాయాల్లో ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాలకు హెబ్రీ అక్షరమాల వరుసలో 22 చొప్పున వచనాలు. మూడోదాంట్లో ఒక్కో అక్షరానికి మూడు చొప్పున 66. ఐదోదాంట్లో కూడా 22 ఉన్నాయి కానీ అక్షరాల వరుస లేదు. యెరూషలేము పట్టణం కూలిపోయినవాళ్ల ఏడుపుకు అంత లెక్క ఉంది. దుఃఖంలో ఉన్నవాడికి రోజూ ఐదే వరుసలు, లేదా ఒక కీర్తన వరసలో తన మాటలు పెట్టుకోవడం ఇలాగే సాయం చేస్తుంది. ఎక్కడ ఆపాలో ముందే తెలిస్తే మొదలుపెట్టడానికి భయం తగ్గుతుంది. ఆ రాతను ఏడాది తిరగకుండా ఎవరికీ చూపించమని ఒత్తిడి చేయకూడదు.

సంతోషంలో రాసినవాళ్లూ ఉన్నారు. 1654 నవంబరు 23 రాత్రి, పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా తనకు కలిగిన దేవుని సన్నిధి అనుభవాన్ని ఫ్రెంచి గణితవేత్త బ్లెయిజ్ పాస్కల్ ఒక కాగితం మీద రాసుకున్నాడు. తేదీ, గంటలు ఆయన రాసినవే. ఆ కాగితం 1662లో ఆయన చనిపోయాక కోటు లోపలి గుడ్డలో కుట్టి ఉండగా దొరికింది. ఎవరికీ చెప్పకుండా, తాను మరిచిపోకూడదని మాత్రమే ఒంటి మీద మోసుకు తిరిగాడు. అంత తెలివి ఉన్నవాడు తన జ్ఞాపకాన్ని నమ్మలేదంటే మిగతావాళ్లు కాగితాన్ని నమ్ముకోవడంలో వింత లేదు.

పాట రాసేవాళ్ల ప్రేరణ కూడా ఇక్కడిదే, కాకపోతే అది తన కోసం కాక అందరి కోసం మరిచిపోకుండా ఉండటం. ద్వితీయోపదేశకాండం 31లో మోషేకు కీర్తన రాసి ప్రజలకు నేర్పించమన్న ఆజ్ఞ ఉంది, అది వాళ్ల సంతానం నోట మరపురాకుండా ఉంటుందని 21వ వచనం చెబుతుంది. చదువు రానివాళ్ల దగ్గర కూడా పాట నిలుస్తుంది. ఇంగ్లండు పాదిరి జాన్ న్యూటన్ అమేజింగ్ గ్రేస్ కీర్తనను 1773 జనవరి 1న ఓల్నీ అనే ఊళ్లో తాను చేయబోయే ప్రసంగం కోసం రాశాడు. ఆయన ఎదుట కూర్చునేవాళ్లలో లేసు అల్లుకుని బతికే పేదలు ఎందరో ఉండేవారు. ఆ రోజు వాక్యం మొదటి దినవృత్తాంతములు 17:16, 17. ఇంతవరకు నన్ను తీసుకురావడానికి నేనెవరిని అని దావీదు అడిగిన చోటు. మన దగ్గర పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తనలు సంఘాల్లో ఇప్పటికీ నిలిచాయంటే అవి పుస్తకంలో ఉన్నందుకు కాదు, నోళ్లలో ఉన్నందుకు.

పాట రాయబోయేవాళ్లు చేసే తప్పులు కాగితం మీద కనబడవు, పాడితేనే తెలుస్తాయి. వరుస ఒక్క ఊపిరికి మించి సాగుతుంది. పల్లవిలోనే సృష్టి నుంచి రెండో రాకడ దాకా పెట్టేస్తారు, చరణాలకు చెప్పడానికి ఏమీ మిగలదు. చరణం చివర నుంచి పల్లవికి తిరిగి వచ్చేటప్పుడు అర్థం అతకదు. బాణీ పట్టుకుని, ఊపిరి తీసుకునే చోట చిన్న గీత పెట్టుకుని, చేత్తో తాళం వేస్తూ పదిసార్లు పాడాక గానీ మాటలు స్థిరం చేయకూడదు. మూడు చరణాలు చాలు. నాలుగోది బాగుంటే ఉన్న మూడింటిలో బలహీనమైనదాన్ని తీసేయాలి.

మరి అందరికీ చెప్పాలన్న కోరిక ఎప్పుడు వస్తుంది? చాలాసార్లు ఒక్క మనిషిని తలుచుకున్నప్పుడు వస్తుంది. లూకా తన సువార్తను థెయొఫిలా అనే ఒక్కడి పేరున మొదలుపెట్టాడు. మొదటి నాలుగు వచనాల్లోనే రాసేవాడి పని మొత్తం ఉంది: ఇంతకుముందు అనేకులు రాశారని ఒప్పుకోవడం, కన్నులారా చూసినవాళ్ల మాట తీసుకోవడం, మొదటి నుంచి తరచి పరిష్కారంగా తెలుసుకోవడం, వరుసగా రాయడం, చదివేవాడికి నిశ్చయం కలగాలని కోరుకోవడం. దర్శనం వచ్చిందనీ, స్వరం వినిపించిందనీ లూకా అనలేదు. రాయడం తనకు యుక్తమని తోచిందన్నాడు, అంతే. "దేవుడు నాతో రాయించాడు" అని మొదటి పేజీలోనే ప్రకటించేవాళ్లు ఈ వచనాల దగ్గర కాసేపు కూర్చోవాలి. ఆ ప్రకటన చేశాక ఎవరూ ఒక్క వాక్యం దిద్దలేరు, దిద్దినా రాసినవాడు ఒప్పుకోలేడు. వచనం సంఖ్య తప్పు పడితే అది కూడా దేవుని ఖాతాలోకి వెళ్తుంది. ప్రార్థనతో రాయాలి, దిద్దేవాళ్లకు ఇవ్వాలి, ప్రతి వచనాన్నీ తెరిచి సరిచూసుకోవాలి. కంఠతా వచ్చినవాటినే ముందు సరిచూడాలి, తప్పులు ఎక్కువగా దొరికేది వాటిలోనే.

అనుకున్నది ఒకటి, రాయాల్సి వచ్చింది ఇంకొకటి కావడం కూడా మామూలే. యూదా తన చిన్న పత్రికలో, అందరికీ కలిగే రక్షణ గురించి రాయాలని ఆసక్తిపడుతుంటే విశ్వాసం కోసం పోరాడమని రాయాల్సి వచ్చిందని మూడో వచనంలో చెప్పుకున్నాడు. ఇంగ్లండు బోధకుడు జాన్ బన్యన్ ప్రసంగాలు చేసినందుకు 1660లో అరెస్టయి సుమారు పన్నెండేళ్లు చెరలో ఉన్నాడు. నోరు మూసినచోట పెన్ను తెరుచుకుంది. రాసింది పోతే? యిర్మీయా 36లో యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చుని, యిర్మీయా చెప్పగా రాసిన గ్రంథపు చుట్టను యెహూది మూడు నాలుగు వరుసలు చదివినప్పుడల్లా చాకుతో కోసి నిప్పులో వేయించాడు. యిర్మీయా మాటలు రాసిన లేఖకుడు బారూకు మళ్లీ సిరా తీసుకున్నాడు. రెండో గ్రంథంలో అవే మాటలు, ఇంకా అనేకమైన మాటలు చేరాయి. చిత్తుప్రతి పోగొట్టుకున్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకుని అదే వారంలో మళ్లీ కూర్చోవాలి. నెల దాటితే మళ్లీ రాసేది వేరే రచన అవుతుంది.

కష్టంలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాయడంతో మొదలైన రచయితలు ఎక్కువమందే. ఎనిమిది పది వరుసలు, ఒకే వచనం, చేయగలిగే ఒక పని. "ఎల్లుండి సాయంత్రం పిల్లల్ని నేను చూసుకుంటాను" లాంటిది. కారణాలు చెప్పకూడదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని మౌనంగా ఉన్నంతవరకు మంచి స్నేహితులే. వివరణలు మొదలుపెట్టాకే చెడిపోయారు. అక్షరం వంకరగా ఉన్నా చేత్తో రాయాలి. రోమా పత్రికను తెర్తియు చేత రాయించిన పౌలు కూడా గలతీయులకు చివర్లో తన చేత్తో పెద్ద అక్షరాలు రాశాడు.

ఉత్సాహంగా కొన్న లావుపాటి నోట్‌బుక్ మూడో వారానికి మూతపడటం చాలా ఇళ్లలో ఉన్నదే. కారణం భక్తి తగ్గడం కాదు. రోజుకు రెండు పేజీలు రాయాలని పెట్టుకోవడం, మనసు కరిగిన రోజే రాయడం, మొదటి నుంచే ఇంకొకరికి బోధించే గొంతుతో రాయడం. మూడోది అన్నిటికంటే త్వరగా ఎండిపోతుంది, ఎందుకంటే చెప్పడానికి ఉన్నది పది రోజుల్లో అయిపోతుంది, జరిగేది మాత్రం రోజూ జరుగుతూనే ఉంటుంది. సన్నటి పుస్తకం, వాక్యం చదివిన వెంటనే అదే కుర్చీలో ఐదు వరుసలు, వాటిలో ఒకటైనా ఆ రోజు నిజంగా జరిగిన సంగతి. ఒక రోజు తప్పితే ఆ తేదీ ఖాళీ వదిలి ముందుకు పోవాలి. పాతది పూరించడానికి కూర్చుంటే రెండు రోజుల పని ఐదు రోజులవుతుంది, అక్కడే ఆగిపోతుంది.

ఇలా నిండిన పుస్తకాలు ఇంట్లో ఉంటే కొన్ని చిన్న పనులు చేసిపెట్టుకోవాలి. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసేయాలి, అవి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. చిరిగినచోట సెలోటేపు అంటించకూడదు, కొన్నేళ్లకు గోధుమరంగు మరక మిగిల్చి ఊడిపోతుంది. ఎండ తగలని పొడిచోట పెట్టాలి. పెన్సిల్ రాత వెలిసిపోదు కానీ రాపిడికి అలుక్కుంటుంది, ఆ పేజీల మధ్య తెల్ల కాగితం పెట్టాలి. ఫోనుతో ఫొటోలు తీసేటప్పుడు ప్రతి పేజీతో పాటు అంచుల్లో రాసినవి కూడా పడేలా చూడాలి, తేదీలు తరచుగా అక్కడే ఉంటాయి. ఇక ప్రార్థన మనవుల్లో ఇతరులు నమ్మి చెప్పుకున్న రహస్యాలు ఉంటాయి. పుస్తకం పిల్లల చేతికి ఇచ్చేముందు వాటిని ఒకసారి చదివి, ఆ పేరు చెరిపేసి తేదీ మాత్రం ఉంచాలి. పేరు చెరిపినా సంగతిని బట్టి మనిషి తెలిసిపోయేలా ఉంటే ఆ పేజీ మొత్తం తీసేయాల్సిందే.